నీరు నిలిచిన చోటే తుప్పు

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఐటీఐ విద్యార్థులు, ఊరివాళ్ళు కూర్చున్న సభ. మాట్లాడినవారు కొబ్బరి రైతు. రికార్డు చేసిన మాటలను రాసిపెట్టిన పాఠం ఇది.)

పెద్దలకీ పిల్లలకీ నమస్కారమండి.

లోపలికి వస్తూ మామిడిచెట్టు కింద ఆగి ఉన్న బండిని చూసే ఉంటారు. మా చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో దాన్ని అందరూ ‘ముక్కు లేని జీపు’ అనేవారు. కంపెనీ పెట్టిన పేరు ఎఫ్‌సీ-150. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్. మామూలు జీపులో ఇంజిన్ ముందుంటుంది, డ్రైవరు దాని వెనక కూర్చుంటాడు. ఇందులో ఇంజిన్ క్యాబిన్ లోపలికే వచ్చేసింది, రెండు సీట్ల మధ్య కవరు కింద ఉంటుంది. ముందు భాగం పొట్టి అయిన మేరకు వెనక తొట్టి పొడుగు వచ్చింది. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో దీన్ని బయటికి తెచ్చింది. ఆకారం గీసింది బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు. తరవాత మన దేశంలో మహీంద్రా వాళ్ళు తయారుచేశారు. మా నాన్నగారు 1968లో కొన్నారు.

ఆ రోజుల్లో మా ఇంట్లో అది బండి కాదండి, ఇంటి మనిషి. తెల్లారగట్ల కొబ్బరికాయలు వేసుకుని అంబాజీపేట వెళ్ళేది. మధ్యాహ్నం అంతర్వేది వైపు వెళ్ళి ఐసులో పెట్టిన చేపల బుట్టలు తెచ్చేది. రేవులో పంటు, అంటే బండ్లని గోదావరి దాటించే బల్లకట్టు, ఎక్కి నరసాపురం దాటేది. పంటు మీద నాన్నగారు బండి దిగకుండా బ్రేకు మీద కాలు పెట్టుకునే కూర్చునేవారు. నేను దిగి చక్రాల కింద చెక్కలు పెట్టేవాణ్ణి. ఆ చెక్కల్లో రెండు ఇప్పటికీ బండిలో ఉన్నాయి.

1986 ఆగస్టులో గోదావరి వరద వచ్చింది. మీలో వయసున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. బండి మా పశువుల పాకలో తలుపుల మధ్య వరకూ నీళ్ళలో నిలబడిపోయింది. నీరు తీశాక నాన్నగారు ఇంజిన్ ఆయిల్ మార్చి, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటరు విప్పి కడిగి, మళ్ళీ రోడ్డెక్కించారు. అదే ఏడాది టాటా 407 మార్కెట్లోకి వచ్చింది. నాలుగైదేళ్ళలో కాయల వ్యాపారమంతా వాటి మీదికి వెళ్ళిపోయింది. మా బండి పాకలో ఆగిపోయింది. 1996 నవంబరు తుపానులో పాక మీద కొబ్బరిచెట్టు పడింది, పాక బండి మీద పడింది. అలా పడి ఉన్నది ఇరవై ఏళ్ళు పైనే. నాన్నగారు పోయాక, 2019లో, పని మొదలుపెట్టాను. ఇంటి దగ్గరే, నా చేతులతో, నాకు రానిది వచ్చినవాళ్ళ చేత చేయించుకుంటూ. మూడేళ్ళు పట్టింది.

ఐటీఐ మాస్టారు నన్ను పిలిచినప్పుడు ‘ఇంజిన్ గురించి చెప్పండి, పిల్లలకి ఉపయోగం’ అన్నారు. ఇంజిన్ గురించి చెబుతాను. కానీ మన ప్రాంతంలో పాత బండిని చంపేది ఇంజిన్ కాదండి. ఇంజిన్ ఎంత పాడైనా లేతు మీద బాగుపడుతుంది. చాసీని, అంటే బండి అడుగు చట్రాన్ని, బాడీని తుప్పు తినేస్తే ఇంజిన్ పెట్టుకోవడానికి బండే మిగలదు. అందుకని ముందు తుప్పు సంగతి, అసలు అది ఎక్కడ పుడుతుందో ఆ సంగతి చెబుతాను.

మనం డెల్టా వాళ్ళం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేశాడని, కాలువలు తవ్వించాడని చిన్న పిల్లాడైనా చెబుతాడు. పంటకాలువ తవ్వితే సరిపోదని, దానికి జతగా మురుగు కాలువ ఉండాలని రైతుకి తెలుసు. చేలోకి నీరు పెట్టడం ఎంత ముఖ్యమో తీయడం అంతకంటే ముఖ్యం. 2011లో మన కోనసీమలో రైతులు పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? గిట్టుబాటు ధర ఒక కారణమైతే, మురుగు దిగక చేలు మునిగిపోవడం ఇంకో కారణం. నీరు పల్లమెరుగు అంటారు కదా. దానికి పల్లం చూపించకపోతే ఉన్నచోటే ఉండి కుళ్ళబెడుతుంది.

బండి కూడా అంతేనండి. వాన పడితే తలుపు అద్దం పక్కనున్న రబ్బరులోంచి నీళ్ళు తలుపు లోపలికి దిగుతాయి. ఆపలేం. తయారుచేసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. అందుకే తలుపు అడుగున చిన్న చిన్న కన్నాలు పెడతారు. అవి ఆ తలుపుకి మురుగు తూములు. క్యాబిన్ నేల అంచుల్లో, చాసీ మూలల్లో, తొట్టి కింద అడ్డదూలాల్లో, ఎక్కడెక్కడ రేకు మడత పెట్టారో అక్కడల్లా ఒక దారి వదిలిపెడతారు. ఆ దారి మూసుకున్న చోట తుప్పు పుడుతుంది. మొదటి మూడు నెలలూ నేను పానా పట్టలేదు. టార్చి లైటు, పొడుగు ఇనుప ఊచ, ఒక నోటు పుస్తకం తీసుకుని బండి కింద పడుకుని కన్నాలు వెతికాను. ముప్పై ఒకటి దొరికాయి. తెరిచి ఉన్నవి నాలుగు.

ఎడమ తలుపు లోపలి రేకు విప్పిన రోజు చెబుతాను. స్క్రూలు తీసి రేకు పక్కకి లాగితే, లోపల అడుగున రెండు వేళ్ళ మందాన మట్టి. ఎండిపోయి ఇటుకలా గట్టిపడి, తలుపు ఈ చివర నుంచి ఆ చివరకి పరిచినట్టు ఉంది. గరిటె కాడతో గీకితే పెళ్ళలుగా లేచింది. ఎర్రగా, మెత్తగా, వేళ్ళ మధ్య నలిపితే పౌడరులా జారిపోయే మట్టి. మధ్యలో చిటికెన గోరంత నత్తగుల్లలు రెండు. పళ్ళెంలో వేసి అమ్మకి చూపించాను. అమ్మ కొంచెం వేలితో తీసి చూసి, ‘ఇది మన దొడ్లో మట్టి కాదురా, ఒండ్రు. 86 వరదది. మీ నాన్న అన్నీ కడిగారు గానీ తలుపు లోపల కడగలేదు’ అంది. ముప్పై మూడేళ్ళు ఆ ఒండ్రు ఆ కన్నాలకి బిరడా కొట్టి కూర్చుంది. వాన పడిన ప్రతిసారీ నీళ్ళు తాగి, నెమ్మదిగా ఆరి, మళ్ళీ తాగింది. మట్టి తీశాక కింద రేకు అప్పడంలా ఉంది. వేలు పెడితే దిగిపోయింది. బయట నుంచి చూస్తే మాత్రం పెయింటు మీద చిన్న బుడగలు నాలుగు, అంతే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, తుప్పు ఎప్పుడూ లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట బుడగ కనబడేసరికి లోపల పని పూర్తయిపోయి ఉంటుంది.

అందుకే లప్పం మీద నాకు కోపం. పాత బండి తీసుకెళితే చాలా చోట్ల చేసే మొదటి పని తుప్పు పట్టినచోట కాస్త గీకి, లప్పం పెట్టి, పేపరు పట్టి, రంగు కొట్టడం. నెల రోజులు అద్దంలా మెరుస్తుంది. లప్పం నీళ్ళు పీల్చుకుంటుంది, తడి వదలదు. పైగా లప్పం పెట్టేటప్పుడు ఆ అడుగు కన్నాలు కూడా ‘బొక్కలు’ అనుకుని మూసేస్తారు. మా బండికి కూడా 80ల్లో ఒకసారి అలా జరిగింది. కుడివైపు కన్నాలు లప్పంతో మూసి ఉన్నాయి. చచ్చిన రేకు కోసెయ్యాలి, ఆరోగ్యంగా ఉన్న రేకు వరకూ వెళ్ళాలి, అదే మందం కొత్త రేకు వంచి వెల్డింగ్ చెయ్యాలి. సన్న రేకుకి రాడ్ వెల్డింగ్ పనికిరాదు, కాల్చి బొక్క చేస్తుంది. సీఓటూ వెల్డింగ్ మేలు. అది కూడా ఒకేసారి గీత లాగకూడదు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, చల్లారనిచ్చి మధ్యలో ఇంకో చుక్క. తొందరపడితే వేడికి రేకు అప్పడం వేయించినట్టు వంకర్లు తిరుగుతుంది. లప్పం అసలు వాడొద్దని అనను. చివర్లో కాగితం మందాన, సరిచేసిన రేకు మీద, సరే.

చిన్న భాగాలకి తుప్పు వదిలించడానికి నేను వాడింది చెరకు మడ్డి. పశువుల దాణాలో కలుపుతారే, అదే. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళు నీళ్ళు పోసి ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, బ్రాకెట్లు, కీలు, బోల్టులు, బ్రేకు డ్రమ్ములు వేసి మూత పెట్టాను. రెండు వారాలు కదపకూడదు. మడ్డి తుప్పుని పట్టుకుని కరిగిస్తుంది గానీ మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. యాసిడ్ అయితే రెండూ తింటుంది. వాసన మాత్రం ఘోరంగా వస్తుంది, డ్రమ్ము ఇంటికి దూరంగా పెట్టాలి. కార్బురేటరు, అల్యూమినియం భాగాలు పొరపాటున కూడా అందులో వెయ్యకండి, వాటిని తినేస్తుంది. తీసి కడిగినప్పుడు ఇనుము బూడిద రంగులో, ఇప్పుడే కొలిమిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మన గాలిలో ఆ అందం గంటే. గంటలో మళ్ళీ పసుపుపచ్చ తుప్పు మొదలవుతుంది. కాబట్టి కడిగిన వెంటనే ఎండబెట్టి, అదే రోజు ప్రైమర్ కొట్టాలి.

కడగడం అన్నాను. ఏ నీళ్ళతో? మా తీరంలో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో కడిగి ప్రైమర్ కొడితే ఉప్పు పెయింటు కింద ఉండిపోయి, గాలిలో తడి లాక్కుని, ఆరు నెలల్లో పొక్కులు లేపుతుంది. మొదటి తలుపుకి నాకు అలాగే అయింది. మొత్తం మళ్ళీ గీకాను. తరవాత నుంచి ఆఖరిసారి కడగడానికి వాన నీళ్ళు పట్టి పెట్టుకున్నాను. అవి అయిపోతే ఇంటికి తెచ్చే 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు. డబ్బా నీళ్ళతో బండి కడగడం ఏంటని మా ఆవిడ అడిగింది. పొక్కులు లేచిన తలుపు చూపించాక మళ్ళీ అడగలేదు. రేడియేటరులో కూడా బోరు నీళ్ళు పొయ్యకండి. లోపల గార కట్టి గొట్టాలు మూసుకుపోతాయి.

పెయింటు పని సంక్రాంతి తరవాత పెట్టుకున్నాను. అప్పుడు కూడా పొద్దున్న మంచు విడిచి, పది దాటి, రేకు చేతికి వెచ్చగా తగిలేవరకూ ఆగాలి. గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే రంగు మీద పొగ పట్టినట్టు తెల్లబడుతుంది. ఇంకో మాట, పిల్లలు జాగ్రత్తగా వినండి. పాత బండ్ల పెయింటులో సీసం ఉంటుంది. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పగానే గాలి గొట్టంతో ఊదడం షెడ్లలో అలవాటు. ఆ పని చెయ్యొద్దు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డని కవరులో కట్టి పారెయ్యండి.

ఇక చాసీ. దాని మీద నంబరు కొట్టి ఉంటుంది. తుప్పు గీకే ఊపులో గ్రైండరు ఆ నంబరు మీదికి పోనివ్వకండి. ముందు అది ఎక్కడుందో వెతికి, ఫొటో తీసి, టేపు అంటించి, అప్పుడు చుట్టుపక్కల పని చెయ్యండి. నంబరు పోతే మీరు ఎంత బాగుచేసినా కాగితాల మీద ఆ బండి లేనట్టే. 2021లో పాత బండ్లకి కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాడకం బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అలా నమోదైన బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ మరమ్మతులకీ తప్ప రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. పికప్ కాబట్టి మీ ఆర్‌సీలో అది ఏ తరగతి బండిగా రాసి ఉందో పని మొదలెట్టకముందే చూసుకోండి.

ఇప్పుడు ఇంజిన్. హరికేన్ అని పేరు. నాలుగు సిలిండర్లు, 134 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 2.2 లీటర్లు. పెట్రోలు. మీరు పుస్తకంలో వాల్వులన్నీ హెడ్‌లో, అంటే ఇంజిన్ పై మూతలో, ఉండే ఇంజిన్ చదివి ఉంటారు, వాల్వులన్నీ బ్లాకులో, అంటే సిలిండర్లుండే కింది దిమ్మలో, ఉండే పాత రకం కూడా చదివి ఉంటారు. ఇది రెండిటికీ మధ్యలోది. గాలి లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులో. ఎఫ్-హెడ్ అంటారు. సిలిండర్లలో మంట అంటుకునే వరస 1-3-4-2. బోల్టులన్నీ అంగుళం కొలతవి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన షెడ్లలో ఉండేవి మిల్లీమీటరు పానాలు. తొమ్మిది బై పదహారు అంగుళం అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 పానా ఎక్కదు, 15 వదులు. వదులు పానాతో బలం పెడితే బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది. అలా అరిగిన బోల్టులు మా బండిలో పదకొండు. ఒక్కోదానికి ఒక్కో పూట పట్టింది. గ్యాసుతో బోల్టు చుట్టూ వేడెక్కించి, కాస్త చల్లారుతుండగా మరలోకి కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి లోపలికి పాకుతుంది. అప్పుడు కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్ళీ బిగించి, మళ్ళీ వదిలి, ముందుకీ వెనక్కీ బుజ్జగించి తియ్యాలి. ఒకేవైపు లాగితే తెగుతుంది. అంగుళం పానాల సెట్టు ముందు కొనుక్కోండి. మిగతావన్నీ తరవాత.

హెడ్ తీసినప్పుడు నా వల్ల ఒక నష్టం జరిగింది, అది చెప్పి తీరాలి. పైన కనబడే బోల్టులన్నీ తీశాను. లెక్కపెట్టాను, వరసలో ట్రేలో పెట్టాను. హెడ్ లేవలేదు. అన్నేళ్ళ తుప్పుకి గాస్కెట్ అంటుకుపోయి ఉంటుందనుకున్నాను. కిరసనాయిలు పోసి రెండు రోజులు ఆగాను. లేవలేదు. మూలన సన్న గునపం పెట్టి లేపాను. ‘టిక్’ మంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. హెడ్ మూల బొటనవేలంత ముక్క విరిగి చేతిలోకి వచ్చింది.

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్బై దాటాయి, జీపుల మీద బతికిన మేస్త్రి. సైకిల్ మీద వచ్చారు. ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగి, ‘కార్బురేటరు కింద చూశారా అబ్బాయిగారూ?’ అన్నారు. ‘కార్బురేటరు తీసేశాను కదండీ’ అన్నాను. ‘తీశారు. ఆ కన్నంలోకి చూశారా?’ అన్నారు. టార్చి వేసి చూస్తే, కార్బురేటరు కూర్చునే గాలి దారి లోపల, అడుగున, మసి పట్టి నల్లగా, ఒక బోల్టు తల. ఈ ఇంజిన్‌లో గాలి పంచే మానిఫోల్డు హెడ్‌తో కలిపి పోతపోశారు. హెడ్ బోల్టుల్లో ఒకటి ఆ దారిలోనే ఉంటుంది. కార్బురేటరు తీసి లోపలికి తొంగిచూస్తే తప్ప కనబడదు. నేను కట్టి ఉన్న గేదెని లేవమని కొట్టినట్టు, బిగించి ఉన్న హెడ్‌ని గునపంతో లేపాను. మేస్త్రిగారు ఒక్క మాట అనలేదు. సాకెట్టు పెట్టి బోల్టు తీసి, రెండు చేతులతో హెడ్ పట్టుకుని పక్కకి కొంచెం ఊపారు. లేచి వచ్చింది.

పోత ఇనుము విరిగితే మామూలుగా వెల్డింగ్ చేస్తే పక్కనే ఇంకో పగులు వస్తుంది. రాజమండ్రిలో పోత ఇనుము పని తెలిసిన వెల్డరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన హెడ్ మొత్తాన్ని ముందు నిదానంగా వేడెక్కించాడు. నికెల్ రాడ్‌తో అంగుళం అంగుళం చొప్పున అతికాడు. అతికాక ఏం చేశాడో చూడండి. రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద గుట్టలో హెడ్‌ని పూర్తిగా కప్పెట్టాడు. ‘రేపు పొద్దున్న వరకూ ముట్టుకోవద్దు’ అన్నాడు. ఊక బూడిద వేడిని పట్టి ఉంచుతుంది, ఇనుము రాత్రంతా నెమ్మదిగా చల్లారుతుంది, అందుకని పగలదు. పొద్దున్న తీసేసరికి కూడా గోరువెచ్చగానే ఉంది. తరవాత లేతు మీద కింది మొహం సమం చేయించాం. ఇప్పుడు ఆ అతుకు తడిమితే తెలుస్తుంది, అలాగే ఉంచాను.

గేర్‌బాక్స్ గురించి ఎక్కువ చెప్పను. మూడు గేర్లు. మొదటి గేరుకి సింక్రో, అంటే గేరు పళ్ళ వేగాలు కలిపే ఏర్పాటు, లేదు, బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి. బ్రేకుల్లో మాత్రం పాతది ఏదీ ఉంచలేదు. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, గొట్టాలు, అన్నీ కొత్తవి. బ్రేకు ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, మన దగ్గర ఇంకా తొందరగా. రెండేళ్ళకోసారి మారుస్తున్నాను. ఈ పాత బండ్లకి బ్రేకు లైను ఒకటే, ఒకచోట కారితే నాలుగు చక్రాలకీ పోతుంది. పైగా ముక్కు లేని బండికి బరువంతా ముందే. ఖాళీ బండి గట్టిగా బ్రేకు కొడితే వెనక తేలిపోతుంది. మీరు రంగు దగ్గర డబ్బు ఆదా చేసుకోండి, బ్రేకు దగ్గర వద్దు.

తొట్టి నేల నల్లతుమ్మ చెక్కతో వేయించాను. వడ్రంగి పలకలు ఒకదానికొకటి ఆనించి బిగించబోతే ఆపాను. పలకకీ పలకకీ మధ్య పెన్సిలు దూరేంత సందు పెట్టించాను. చేపల ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు పాత నేల కింద చేరి ఆ అడ్డదూలాలు ఎలా తినేశాయో చూశాను కాబట్టి. సీట్లకి అంబాజీపేట నుంచి కొబ్బరి పీచు తెచ్చి కుట్టించాం. పాత సీట్లు విప్పితే లోపల ఉన్నదీ పీచే. స్పాంజి తడిస్తే నాలుగు రోజులు ఆరదు. పీచు రెండు పూటల ఎండకి ఆరిపోతుంది. ఇక రేడియేటరు పై తొట్టి ఇత్తడిది. అమ్మ దాన్ని చింతపండు పెట్టి బిందె తోమినట్టు తోమి ఇచ్చింది.

అంతా అయ్యాక, రంగు కొట్టాక, ముప్పై ఒక్క కన్నాల్నీ ఒక్కొక్కటే డ్రిల్లుతో మళ్ళీ తెరిచాను. రంగుతో సగం మూసుకుపోయి ఉంటాయి. తరవాత మూసి ఉన్న రేకు మడతల్లోకి మైనం కలిపిన నూనె కొట్టాను. మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించి, మంట ఆర్పేసి, ఆరుబయట, ఇంజిన్ ఆయిలూ టర్పెంటైనూ కలపాలి. పొయ్యి మీద నేరుగా పెడితే అంటుకుంటుంది, ఆ సాహసం వద్దు. సన్న గొట్టంతో లోపలికి కొడితే పాకి కింది కన్నం నుంచి బొట్టు బొట్టుగా కారుతుంది. కారిందంటే ఆ గది మొత్తం తడిసింది, కన్నం కూడా తెరిచే ఉంది.

(ఒక విద్యార్థి: డీజిల్ ఇంజిన్ ఎందుకు వెయ్యలేదు సార్? మైలేజీ వస్తుంది కదా.)

మంచి ప్రశ్న. మన వైపు పాత పెట్రోలు జీపులకి డీజిల్ ఇంజిన్లు వేసుకుని రోజూ తిప్పుకుని బతికినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు చేసింది తప్పని నేను ఎప్పుడూ అనను, అది పొట్ట కోసం చేసిన పని. నా బండి ఇప్పుడు కూలికి వెళ్ళక్కర్లేదు. అది ఏ చప్పుడుతో రేవులోకి వచ్చేదో ఆ చప్పుడే నాకు కావాలి. ఇంజిన్ మార్చాక ఏం చేసినా ఆ చప్పుడు తిరిగి రాదు.

(ఇంకొకరు: ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుతో ఇబ్బంది లేదా?)

ఉంది. ఇప్పుడు బంకులో వచ్చేది ఈ20, అంటే అయిదో వంతు ఇథనాల్. పాత రబ్బరు గొట్టాల్ని, పెట్రోలు పంపు లోపల ఆడే పలచని పొర డయాఫ్రమ్‌నీ అది ఉబ్బబెట్టి పెళుసు చేస్తుంది. అవన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేశాను. ఇంకో గుణం, ఇథనాల్ గాల్లోంచి నీళ్ళు పీలుస్తుంది. ఎక్కువ పీల్చాక నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి. మళ్ళీ అదే కథ, అడుగున నీళ్ళు. కాబట్టి నెల రోజులు పైన ఆపేటట్టయితే కార్బురేటరు ఖాళీ చేస్తాను, ట్యాంకు అడుగు బిరడా విప్పి గాజు గ్లాసులోకి కొంచెం పట్టి చూస్తాను. రెండు పొరలుగా కనబడితే మొత్తం తీసేస్తాను.

(వెనక నుంచి ఒక పెద్దాయన: ఆ ఒండ్రు ఏం చేశారండి?)

సీసాలో ఉందండి. అమ్మ దగ్గర, దేవుడి గూట్లో. అమ్మే అక్కడ పెట్టింది.

చీకటి పడకముందే బయటికి వెళదాం. ఇంజిన్ ఈపాటికి చల్లబడి ఉంటుంది, లోపలి కవరు తీసి ఆ దాక్కున్న బోల్టు ఎక్కడుంటుందో చూపిస్తాను, కార్బురేటరు విప్పడం అయిదు నిమిషాల పని. మేస్త్రిగారు కూడా వచ్చారు, అదిగో ఆ గుమ్మం దగ్గర, ఆయన్నే విప్పమందాం. ఫోనులో టార్చి ఉన్నవాళ్ళు వెలిగించి తలుపుల కింద చూడండి, కన్నాలు కనబడతాయి. నిన్న రాత్రి వాన పడింది కదా, ఎడమ తలుపు కింద నేల ఇంకా తడిగానే ఉంది.